మూగ శాసనములు

పూర్వము సంస్కర్తలు దురాచారములతో పోరాడునపుడు వారికొక సౌకర్యముండెను. ఆచారమును సమర్థించువాడు తప్పక ఏదో యొక గ్రంథమును చూపవలసియుండెను. ఖండింపబూనినవాడు ఆ గ్రంథమునే తెఱచి, ఆ వాక్యమునకు అర్థమది కాదనియో, దానికి బాధకమగు వాక్యము వేఱొకటి కలదనియో వాదింపగలిగెను. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించుటకు ముందు కందుకూరి వీరేశలింగము పంతులుగారు చేసిన పోరాటమంతయు ఇట్టిదే. శత్రువు మాటలతో వచ్చెను గనుక మాటలతో ఎదిరింపబడెను.

నేడు మన నడవడిని నడపుచున్న శాసనములలో పెక్కింటికి వాక్యములే లేవు. అవి గ్లాసుల రూపమున, పొయ్యిల రూపమున, అద్దపుపలకల రూపమున, వ్రేలిముద్రల పెట్టెల రూపమున మన యిండ్లలోనికి, మన అంగళ్లలోనికి వచ్చి కూర్చున్నవి. అవి ఎవరిని ఎక్కడ నిలుపవలెనో నిలుపుచున్నవి, ఎవరిచేత ఏ పని చేయింపవలెనో చేయించుచున్నవి. అడిగినచో, “ఇది వస్తువే గదా, దీనికి మంచిచెడ్డలేమి?” అను ప్రత్యుత్తరము వచ్చును. చదువుకొన్నవారు సైతము ఈ ప్రత్యుత్తరముతో తృప్తి చెందుచున్నారు. ఈ తృప్తి తప్పనియు, వస్తువును విచారింపని సంస్కారము సగము సంస్కారమే యనియు చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము బడిపంతులము. సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుకొని బ్రదుకువారము. మేమున్న ఎల్లంతకుంట రాజన్న సిరిసిల్ల జిల్లాలోని యొక మండలకేంద్రము. 2016లో జిల్లాలు విభజింపబడువఱకు కరీంనగరు జిల్లాలో నుండెడిది. బీడీలు చుట్టువారు, సిరిసిల్ల సాంచెలపైని పనికి పోవువారు, గల్ఫుదేశములకు వెళ్లినవారి భార్యలు, పొలము దున్నువారు మా విద్యార్థుల తల్లిదండ్రులు. క్రొత్త యంత్రమేది వచ్చినను దాని అసలు గుణము ఇట్టి చోట తెలిసినంత త్వరగా పట్నములో తెలియదు. పట్నములో యంత్రము పనిచేయకున్నచో పక్కదారులు పది యుండును. ఇచ్చట ఉండవు.

వస్తువును విచారించుటకు సాధనమేది యని అడుగువారికి మేము దూరపు సాధనము చూపబోవుట లేదు. మన మీమాంసకులు వేదవాక్యములను విభజించిన రీతిని జ్ఞప్తికి తెచ్చుకొన్న చాలును. ‘చేయుము’ అనునది విధి. ‘చేయకుము’ అనునది నిషేధము. ఆ పని చేయుటకు మనస్సును పురికొల్పు ప్రశంస అర్థవాదము. ఆ కర్మకు అర్హుడెవడు అను ప్రశ్న అధికార విచారము. ఈ నాలుగింటిని ప్రొద్దున లేచినది మొదలు మన చేతబడు వస్తువులకు ప్రయోగించి చూడుడు. ‘క్షణములో, ఇల్లు కదలకుండ, ఉచితముగా’ అని మన సెల్ ఫోనులో కనబడునదంతయు అర్థవాదము. ‘నీ పేరును, నీ నంబరును, నీ ముఖమును ముందుగా మాకిమ్ము’ అనునది విధి. అక్షరములు రానివానికి, ఫోను లేనివానికి, కనుచూపు మందగించినవానికి ఇక్కడ చోటు లేదనునది అధికార నిర్ణయము. అర్థవాదము పెద్ద అక్షరములలో నుండును. తక్కినవి వస్తువు ఆకృతిలో దాగియుండును. మనము అర్థవాదమునే చదివి, విధిని చదువకయే శిరసావహించుచున్నాము.

మొదట అందఱెఱిగిన వస్తువునే తీసికొందము. తెలుగుదేశపు పల్లెలలో చాయ హోటళ్లయందు రెండు గ్లాసుల పద్ధతి యుండెననుట ఎవరికిని క్రొత్త గాదు. ఒక విధమగు గ్లాసులు లోపల బల్లమీద నుండెడివి. మఱియొక విధమైనవి బయట చూరు క్రింద నుండెడివి. బయటి గ్లాసులో త్రాగినవాడు దానిని తానే కడిగి పెట్టి పోవలెను. హోటలువాడు నోరు తెఱచి ఎవ్వరినిగాని అవమానించినట్లు కనబడడు. ‘నీవు దళితుడవు, దూరముండుము’ అని పలుకవలసిన మాటను గ్లాసే పలికెడిది. రాజ్యాంగము 17వ అనుచ్ఛేదముతో అస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో దానిని నేరముగా శిక్షించు చట్టమును, 1989లో అత్యాచారముల నిరోధక చట్టమును వచ్చినవి. అయినను గ్లాసు చాలకాలము చట్టమును లెక్కపెట్టక చూరు క్రింద నిలిచియే యుండెను.

తరువాత కాగితపు కప్పు వచ్చెను. త్రాగి పాఱవేయవచ్చును, కడుగుటకు నీళ్లక్కఱలేదు, అందఱికిని ఒక్కటే కప్పు. చూరు క్రింది గ్లాసులు మాయమయ్యెను. మేమును మొదట సంతోషించితిమి. కాని యెవరి మనస్సు మాఱెను? ఎవరు ఎవరిని క్షమాపణ వేడిరి? ఒకరి పెదవి తగిలిన గ్లాసును మఱియొకరు ముట్టవలసిన అవసరమునే కాగితపు కప్పు తొలగించెను. ముట్టుటకు ఇష్టపడని మనస్సును మాత్రము ముట్టకయే విడిచిపెట్టెను. ఇంకను ఆశ్చర్యమేమనగా, హోటలునుండి వెడలిన పద్ధతి ఆ కప్పును పట్టుకొనియే ఇండ్లలోనికి వచ్చినది. చుట్టము వచ్చినచో స్టీలు గ్లాసు. నాట్లకు వచ్చిన కూలి మనిషికి పాఱవేయు కప్పు. ‘శుభ్రతకొఱకు’ అని చెప్పెదరు. చుట్టముయెడల ఈ శుభ్రతాదృష్టి ఏల కలుగదో చెప్పరు. చదువరులారా, మీ వంటయింటి అరలో ఏ గ్లాసు ఎవరికొఱకు ఉంచబడినదో ఈ పూటయే లెక్కచూచుకొనుడు. ఆ అరయే మీ యింటి స్మృతి.

ఇక వంటయిల్లే చూతము. గ్యాస్ పొయ్యి, మిక్సీ, బట్టలుతుకు యంత్రము వచ్చినవి. స్త్రీకి విశ్రాంతి దొరికినదని పురుషులు సభలలో చెప్పుచున్నారు. కట్టెల పొగ పోయినది. అది గొప్ప మేలు. దానిని కాదనువాడు కన్నులు మండిన తల్లిని చూడనివాడు. కాని విశ్రాంతి మాట నిజమేనా? 2019లో జాతీయ గణాంక కార్యాలయమువారు జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతములేని యింటిపనిలో పాల్గొనిన స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించిరి. 2024 సర్వేలో అవి క్రమముగా 289, 88 అయ్యెను. స్త్రీకి పది నిమిషములు తగ్గెను. పురుషునికి తొమ్మిది నిమిషములు తగ్గెను. పురుషుని పనికి స్త్రీ పని మూడింతలుగా నుండినది ఇప్పుడు మూడింతలకు మించి యున్నది. యంత్రమువలన కలిగిన లాభమును కూడ మనము పాత లెక్క ప్రకారమే పంచుకొంటిమి.

కారణము వెదకనక్కఱలేదు. రోలున్నప్పుడు ఒక పచ్చడి; మిక్సీ వచ్చినపిమ్మట ‘ఒక నిమిషము పనియే గదా’ యని రెండు పచ్చళ్లు. ఉతుకు యంత్రము లేనపుడు విప్పిన అంగీని మఱునాడును తొడిగిన కుమారుడు, అది వచ్చినపిమ్మట పూట కొకటి విప్పి వేయుచున్నాడు. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన గ్రంథములో ఆ దేశపు గృహిణుల విషయమున ఈ సంగతినే నిరూపించినది: యంత్రములు ఇంటనున్న తక్కినవారి పనిని తీసివేసి, తల్లి పనిని మాత్రము నిలిపినవి. మిక్సీలో తప్పేమియు లేదు. ‘దీని మీట ఎవరు నొక్కవలెను?’ అను ప్రశ్న దానిని కొన్ననాడు మన యింటిలో పుట్టలేదు, అదియే తప్పు.

మా ప్రాంతమునకు ప్రాణమగు సాంచెను గూర్చి ఒక మాట. సిరిసిల్లలో మరమగ్గమును సాంచె యందురు. ఎన్నో యేండ్ల క్రిందట దానిని రూపొందించినవారు అందులో నొక చక్కని యేర్పాటు చేసిరి: పేక తెగినచో సాంచె తనంత తానే ఆగును. బట్టలో లోపము పడరాదని ఆ జాగ్రత్త. కాని అదే సాంచెల నడుమ పండ్రెండు గంటలు నిలుచుండు కార్మికునికి చెవులు మందగించినను, దుమ్ము చేరి ఊపిరి ఆడకున్నను అది ఆగదు. దారమునకు చేసిన యేర్పాటు మనుష్యునికి చేయకుండుట శక్తిలేక కాదు. ఎవరికొఱకు ఆగవలెనను ప్రశ్నకు రూపకర్త ముందుగనే జవాబు వ్రాసియుంచెను. ఆ జవాబు ఇనుములో నుండుటచేత అది లోకస్వభావమని మనము భ్రమించుచున్నాము.

దీనికి ఎదురుగా ఒక యుదాహరణము మన తెలంగాణములోనే కలదు. ఆలేరు దగ్గఱి శారాజీపేట గ్రామమునకు చెందిన చింతకింది మల్లేశము, పోచంపల్లి చీరలకు ఆసు పోయుచు తల్లి లక్ష్మి చేయి ఒక్కొక్క చీరకు వేలసార్లు ఇటునటు తిరిగి భుజము నొచ్చుట చూచి, ఆ నొప్పినే కొలతగా పెట్టుకొని, ఏండ్లకొలది శ్రమించి, ఆసు యంత్రమును చేసి దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆయన యంత్రము యజమాని లెక్కపుస్తకమునుండి పుట్టలేదు. తల్లి భుజమునుండి పుట్టినది. యంత్రములన్నియు చెడ్డవని మేము చెప్పుచున్నామని యెవరైన అనుకొందురేమో. వారికిదియే మా సమాధానము.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన విషయమునకు వత్తము. ప్రతిపక్షుల గట్టివాదము ఇచ్చటనే యున్నది. “మనుష్యుడు లంచము పుచ్చుకొనును, యంత్రము పుచ్చుకొనదు. మనుష్యుడు కులము చూచును; యంత్రము చూడదు. కావున పేదవానికి యంత్రమే మేలు” అని వారందురు. ఇందులో నిజము లేకపోలేదు. రేషన్ అంగట్లో వ్రేలిముద్ర లేని కాలమున తూకములో మోసమును, దొంగ పేర్లతో బియ్యము తరలిపోవుటయు మేము కన్నులార చూచితిమి. ముద్ర వచ్చినపిమ్మట అట్టి దొంగతనమునకు చాలవఱకు అడ్డు కట్టబడెను. వలస పోయినవాడు తానున్న చోటనే బియ్యము తెచ్చుకొనగలుగుచున్నాడు. ఈ మేలును మఱచి వాదించుట అధర్మము.

కాని ఒకనాడు మేము చూచినది చెప్పెదము. మాకు తెలిసిన యొక అవ్వ చిన్ననాటినుండి బీడీలు చుట్టి బ్రదికినది. తునికాకును మడచి మడచి ఆమె వ్రేళ్లకొనలు నున్నబడినవి. ఆనాడు అంగట్లో మూడు మాఱులు వ్రేలు పెట్టినది. మూడు మాఱులును పెట్టె ఒప్పుకొనలేదు. అంగడివాడు దుర్మార్గుడు కాడు. “నేనేం చేద్దు అవ్వా, మిషిను తీస్కుంటలేదు” అనెను. ఆమె తన చేతులవంక చూచుకొని, “ఇన్నేండ్లు ఈ చేతుల కష్టమే తిన్న. ఇయ్యాల ఈ చేతులే నాయి కావంటున్నది” అన్నది. తరువాతి వారము కంటిపాపను చూపి బియ్యము తెచ్చుకొన్నది. రెండు దినముల కూలి పోయెను. ఈ రెండు దినములు ఏ లెక్కలోను ఎక్కవు. యంత్రము దృష్టిలో ఆమెకు బియ్యము చేరినది, కథ ముగిసినది.

ఇందు గమనింపదగిన దేమనగా, ఎవరి వ్రేళ్లు అరిగినవో వారికే ఆ బియ్యము ముఖ్యము. కలముపట్టిన వ్రేలును పెట్టె చక్కగా గుర్తించును; కాని ఆ వ్రేలికి ఆ క్యూలో నిలుచు అవసరమే లేదు. పనిచేసిన చేతిని అనుమానించి, పనిచేయని చేతిని నమ్మునట్టి పరీక్షను ‘నిష్పక్షపాతము’ అని పిలుచుట న్యాయమా? యంత్రము కులము చూడదనుట నిజమే. కాని పని చూచును, వయస్సు చూచును. మన దేశములో ఎవరి పని యేదో, ఎవరి వ్రేళ్లు ముందుగా అరుగునో నిర్ణయించినది కులము కాదా?

ఒక అవ్వ కథయే గదా యని త్రోసిపుచ్చువారికొఱకు ఒక పెద్ద లెక్క. తెలంగాణములో 2014 తరువాతి కొన్నియేండ్లలో సుమారు 19 లక్షల ఆహారభద్రతా కార్డులు రద్దయినవి. వేర్వేరు ప్రభుత్వశాఖల పట్టికలను కంప్యూటరుచేత జతపఱచి, ఈ కుటుంబమునకు వాహనము కలదనియో ఆస్తి కలదనియో తేల్చు ‘సమగ్ర వేదిక’ అను ఏర్పాటు ఇందు పాలుగొనెను. పేరు పోలికచేత ఒకరి కారు మఱియొకరి ఖాతాలో పడిన సంగతులును బయటపడినవి. ముందుగా నోటీసు లేదు. ఇంటికి వచ్చి చూచినవారు లేరు. ఈ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోగా, రద్దయిన ఆ కార్డులన్నిటిని క్షేత్రమున మరల పరిశీలింపుమని 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము ఆదేశించెను. ఇప్పుడు కొంత మార్పు వచ్చినది. 2025లో క్రొత్త కార్డులిచ్చుట మొదలయ్యెను. ఆ యేటి ఉగాదికి సన్నబియ్యము పంపిణీయు ప్రారంభింపబడెను. సంతోషము. కాని నడుమ పోయిన యేండ్లలో రద్దయిన ఇండ్లలో ఎవరెవరు అప్పు చేసి తినిరో, ఎవరు తినకయే పండుకొనిరో ఆ కంప్యూటరు ఎఱుగదు. దానిని తెలిసికొనుమని ఎవరును దానికి చెప్పలేదు.

పాతకాలపు దుర్మార్గపు అధికారితో జగడమాడవచ్చును. వాని యింటిముందు కూర్చుండవచ్చును. పదిమందిలో వాని పేరు చెప్పి తిట్టవచ్చును. యంత్రమునకు పేరు లేదు. దాని ప్రక్క కూర్చున్న గుమాస్తా ‘నా చేతిలో లేదు’ అనును. వాని పైయధికారి ‘సిస్టములో లేదు’ అనును. బాధ్యత నీటిలో ఉప్పువలె కరగిపోవును. లంచము పోయినదని సంతోషించుచు మనము జవాబుదారినే పోగొట్టుకొనుట మంచి బేరము కాదు.

ఇట్లు వస్తువులను ప్రశ్నించుటకు వస్తువులనే సాధనముగా చేసికొనిన వారు పశ్చిమదేశములలో కొందఱున్నారు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యాలయమునకు చెందిన ఆంథొనీ డన్, ఫియోనా రాబీ అను ఇరువురు, అమ్ముడుపోవు వస్తువునే గాక, ఆలోచింపజేయు వస్తువునుగూడ రూపొందింపవలెనని 1990ల దశకమునుండి వాదించిరి. దానికి విమర్శాత్మక రూపకల్పన యని పేరు. 2001లో వారు కొన్ని వింతవస్తువులను చేసి గృహస్థులకిచ్చి, కొంతకాలము వానితో కాపురము చేయనిచ్చిరి. అందొకటి దిక్సూచులు పొదిగిన బల్ల. దానిమీద సెల్ ఫోనువంటి యంత్రమును పెట్టినచో దిక్సూచుల ముండ్లు తడబడును. దానివలన వంట కాదు, పంట పండదు. కంటికి కనబడక ఇంటినిండ నిండియున్న దానిని కంటికి కనబడునట్లు చేయుటయే దాని ప్రయోజనము.

ఇది పరదేశపు వింత యని చదువరులు తలపవలదు. వీరేశలింగము పంతులుగారే 1890ల దశకమున ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ వ్రాసిరి. స్విఫ్టు రచించిన గలివరు యాత్రల త్రోవను అనుసరించిన ఆ గ్రంథములో స్త్రీలు ఏలుచుండగా పురుషులు అణగియుండు దేశమొకటి కల్పింపబడినది. మన ఆచారమునే తలక్రిందుగా నిలిపి చూపినందున, చదువు పురుషుడు తనయింట ప్రతిదినము నడచుచున్న అన్యాయమును మొదటిసారి అన్యాయముగా గుర్తింపవలసి వచ్చెను. 1905లో వంగదేశపు బేగం రొకేయా ‘సుల్తానా స్వప్నము’లో పురుషులను లోపలి గదులలో నుంచి ఇట్టి తలక్రిందులనే చేసినది. సిరిసిల్ల నేతకాడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసెను. ఆ చీర కట్టుకొనుటకంటె చూచుటకే. ‘ఇంతటి చేతిని మీరు ఏ పనికి ఉంచితిరి?’ అని అది మనలను అడుగుచున్నట్లు మాకు తోచును.

గాంధీగారి దృష్టాంతము ఇంకను విశదమైనది. 1929లో అఖిల భారత చరఖా సంఘము పక్షమున మంచి రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటింపబడెను. యంత్రము ఎట్లుండవలెనో చెప్పుటకు ముందు అది ఎవరి యింటిలో నుండవలెనో వారు నిశ్చయించుకొనిరి. పల్లె గుడిసెలో ఇమిడి యుండవలెను. ఒక స్త్రీ ఎనిమిది గంటలు పెద్దగా అలసట లేకుండ నడుపగలుగవలెను. వెల 150 రూపాయలకు మించరాదు. ఇరువది యేండ్లు మన్నవలెను. ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు. అయినను ఆ షరతుల పట్టిక ఓడిపోలేదు. ప్రజల పక్షమున యంత్రమునకు షరతులు పెట్టవచ్చునని అది మనకు నేర్పినది. నేడు యంత్రము మనకు షరతులు పెట్టుచున్నది. మనము చదువకయే క్రింద ‘సమ్మతము’ అని నొక్కుచున్నాము.

ఈ బుద్ధితో మేము మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక పని పెట్టితిమి: “మీ యింటిలో ఎవరికిని కనబడని సంగతిని కనబఱచు వస్తువు నొకదానిని చేయుడు.” పలువురు పలు విధములుగా చేసిరి. ఒక బాలుడు ఆఫీసు బల్లకు పెట్టె నొకదానిని చేసెను; ముందుగా అధికారి వ్రేలు దానిపై పడినగాని, వచ్చినవాని వ్రేలును అది అడుగదు. అందఱును నవ్విరి. ఒక బాలిక గోడగడియారము తెచ్చినది. దానికి ముందు మేమును నవ్వితిమి, తరువాత నవ్వలేకపోతిమి.

ఆ బాలిక తల్లి బీడీలు చుట్టును. తండ్రి గల్ఫులో నున్నాడు. ఆమె గడియారపు బ్యాటరీ తీగను ఒక పీటలోని మీటకు కలిపినది. తల్లి పనిలేక పీటపై కూర్చున్నంత సేపే ముల్లు నడచును, లేచినచో ఆగును. మొదటి దినమున సూర్యోదయమునుండి రాత్రి పండుకొనువఱకు ఆ గడియారము నలువది నిమిషములు నడచెనట.

ఇది విని ఒక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చి, “సారూ, పిల్లలకు చదువు చెప్పుండ్రి గని, ఇంట్ల కొట్లాటలు పెట్టకుండ్రి” అని మందలించెను. ఆయనతో మేము వాదింపలేదు. ఆ గడియారమును అడిగి తెచ్చి మా యింటనే వ్రేలాడదీసితిమి. మేము ఇరువదియేండ్లుగా స్త్రీవిద్యను, స్త్రీ గౌరవమును గూర్చి ఉపన్యసించుచున్నవారము. మొదటి దినమున ముల్లు గంటా పది నిమిషములు నడచెను. రెండవనాడు చుట్టములు వచ్చిరి, ఇరువది నిమిషములు. మూడవనాడు పొరుగింటామె గోడవంక చూచి, “గడియారం ఆగిపోయిందా యేంది?” అని అడిగెను. మా గృహిణి కూర కలుపుచు, వెనుకకు తిరుగకయే, “కాదక్కా, కూసుంటె నడుస్తది” అన్నది. ప్రక్కగదిలో పత్రిక చదువుచున్న మాకు ఆ మాట వినబడెను. మా ఉపన్యాసములన్నియు ఒకవైపున, ఆ మాట మఱియొకవైపున నుంచి తూచుకొంటిమి. ఆనాటినుండి ప్రాతఃకాలపు పని మా వంతు. ఇందు గొప్పతనమేమియు లేదు, ఇరువదియేండ్లు ఆలస్యమైనది.

“ఇట్టి విమర్శ కడుపు నిండినవారి వేడుక, లేనివానికి యంత్రము దొరకుటయే గొప్ప” అను ఆక్షేపణ మిగిలియున్నది. పశ్చిమదేశపు విమర్శాత్మక రూపకల్పనపై ఈ నింద సరిగానే పడినది. అది తఱచుగా ప్రదర్శనశాలల గోడలమధ్యనే నిలిచిపోయినది. సంపన్నులు భవిష్యత్తున రాబోవు భయంకరమని ఊహించునది ఇతర దేశముల పేదలు నేడే అనుభవించుచున్నారని లూయిజా ప్రాడో, పెద్రో ఒలివేరా అను బ్రెజిలు విమర్శకులు 2014లో ఎత్తిచూపిరి. మేము దానిని ఒప్పుకొందుము. కాని దానివలన తేలునదేమి? విచారణ మానవలెనని కాదు. విచారించు అధికారము అనుభవించువారికి చేరవలెనని. బీడీలు చుట్టు తల్లి కూతురు చేసిన గడియారమున కంటె పదునైనదానిని ఏ ప్రదర్శనశాలలోను మేము చూడబోము. లేనివాడు యంత్రమును కోరుటయు, ప్రశ్నించుటయు ఒకదానికొకటి విరోధము కావు. అన్నము కోరినవాడు అందులో రాళ్లు ఏరుకొనరాదని ఏ శాస్త్రమున నున్నది?

కావున మేము కోరునవి కొన్ని. ప్రజలకు బియ్యమో, పింఛనో, పట్టాయో ఇచ్చు ప్రతి యంత్రమును ముందుగా అరిగిన వ్రేళ్లవారిచేతను, మసకకన్నులవారిచేతను, అక్షరములు రానివారిచేతను పరీక్షింపజేయవలెను. వారికి పనిచేసిననే తక్కినవారికి పెట్టవలెను. యంత్రము కాదన్నచో, ఏల కాదన్నదో తెలుగులో చీటీ వ్రాసి యియ్యవలెను. ఆ చీటీ క్రింద ఒక మనుష్యుని పేరుండవలెను. కంప్యూటరు లెక్క ఒక్కదానినే నమ్మి ఎవరి తిండిని ఆపరాదు. ఇల్లు చూచి, మనిషిని పలుకరించి, పిమ్మట నిర్ణయింపవలెను. బడులలో వ్యాకరణముతోపాటు వస్తువిచారమును నేర్పవలెను. దానికి వేఱు పుస్తకమక్కఱలేదు, పిల్లల వంటయిండ్లే చాలును.

ఇవి ప్రభుత్వమును, విద్యాలయములను కోరునవి. గృహస్థులను కోరునది అంతకంటె చిన్నది, అంతకంటె కష్టమైనది. క్రొత్త వస్తువు గడప దాటునపుడు దానిని మూడు మాటలు అడుగుడు: నీవు ఎవరి పని తగ్గింతువు? ఎవరి పని పెంతువు? ఎవరిని బయట నిలిపెదవు? పాతవస్తువులనుగూడ అడుగుడు. పూర్వులు తాళపత్రములు తెఱచి శాసనములను విచారించిరి. మనము వంటయింటి అరను తెఱచి, అంగడి పెట్టెను తెఱచి విచారింపవలసియున్నది. పని చిన్నదిగా తోచుచో, నేటి రాత్రి భోజనమునకు ముందు మీ యింటి తల్లిని, “ప్రొద్దుటినుండి ఎంతసేపు కూర్చుంటివి?” అని అడిగి చూడుడు. ఆమె చెప్పు జవాబుతో మొదలుపెట్టవచ్చును.